బోర్డెక్కిన మా మాట

చిరాగ్‌పల్లి దాటాక, బొంబాయి హైవే నుంచి మా తండాకు దారి చీలే చోట ఒక బోర్డు ఉంది. పైన ఇంగ్లీషు, దాని కింద తెలుగు, అన్నిటికంటే కింద మా లంబాడీ మాట. మా మాటకు సొంత అక్షరాలు లేవు కాబట్టి దాన్ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాశారు. భాషలు మూడున్నా చదివేవాళ్ళు మాత్రం పై రెండింటికే ఉన్నారు. మా మాట బాగా వచ్చిన ముసలివాళ్ళకు అక్షరాలు రావు. అక్షరాలు వచ్చిన పిల్లలకు మా మాట మాట్లాడాలంటే సిగ్గు. రెండూ వచ్చి, సిగ్గు లేనిదాన్ని తండాలో నేనొక్కదాన్నే. ఆ మూడోదాన్ని రాసింది కూడా నేనే. అంటే నేను రాసి నేనే చదువుకోవడానికి రెండు ఇనుప స్తంభాలు పాతి అంత పెద్ద బోర్డు నిలబెట్టారన్నమాట. ఎంత పెద్ద రచయితకైనా ఇంత మర్యాద దక్కి ఉంటుందా?

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. ఒకసారి జహీరాబాద్ బస్టాండులో ఒకాయనను, ఈ బస్సు ఎటు పోతదన్నా అని అడిగాను. "బోర్డు కనపడ్తలేదా?" అన్నాడు. కనపడుతూనే ఉంది. అదే కదా బాధ. ఆ ఎండాకాలం మా తండా బడి వరండాలో ఆడవాళ్ళకు చదువు చెబుతామంటే పోయి కూర్చున్నాను. పన్నెండు మందిమి మొదలుపెట్టాం. మామిడికాయలు అయిపోయేసరికి నేనూ, పంతులమ్మా మిగిలాం.

చదవడం వచ్చాక జహీరాబాద్‌లో గోడ గోడనూ చదివాను. మూలశంకకు మందు, బోరుబావులు వేయబడును, ప్లాట్లు అమ్మబడును. నలభై ఏళ్ళు నాకు అందకుండా దాచిన విషయం ఇదా అనిపించింది.

ఇక బోర్డు సంగతి. మా తండా పక్కన ఉన్న చెరుకు చేనును హైదరాబాద్ వాళ్ళు కొన్నారు. చెరుకు కొట్టేసి గుడిసెలు వేశారు. మేం గుడిసెలు పీకేసి స్లాబు వేసుకోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. వాళ్ళు మూడు నెలల్లో గుడిసెల్లోకి వచ్చేశారు. మా పాత గుడిసెల్లో లేనిది వాటిలో ఒక్కటే ఉంది, ఏసీ. దానికి పల్లె విడిది అని పేరు పెట్టారు. శనాదివారాలు కార్లలో జనం వస్తారు. జొన్నరొట్టె తింటారు, ఎడ్లబండి ఎక్కుతారు, మా ఆడవాళ్ళు అల్లం తవ్వుతుంటే గట్టు మీద నిలబడి చూస్తారు. అల్లం చేల్లో నడుము విరగ్గొట్టుకోవడం చూడటానికి అంత దూరం నుంచి వస్తారని తెలిస్తే, మేం ముందే టికెట్ పెట్టేవాళ్ళం.

నేను ఆ విడిదిలో రొట్టెలు చేసే పనికి కుదిరాను. మేనేజరు జహీరాబాద్ వాడే. బస్టాండు వెనకే ఆయన ఇల్లు. ఆయన చిన్నప్పటి నుంచీ మా తండావాళ్ళను సంతలో చూసినవాడే. ఈ ఉద్యోగం దొరికాక మాత్రం మమ్మల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూడటం నేర్చుకున్నాడు.

విడిదికి సంబంధించిన రాతలన్నీ చూసేది హైదరాబాద్ నుంచి వచ్చే ఒక మేడం. చిన్న వయసు, మంచి మనసు. మా వాకిట్లో మేం చెప్పులతోనే తిరుగుతాం. ఆమె మాత్రం వాకిలి బయటే చెప్పులు విప్పి, ముళ్ళు గుచ్చించుకుంటూ లోపలికి వచ్చేది. గౌరవం ఇవ్వడం అంత సులువు కాదు.

ఒకరోజు ఆమె నన్ను వంటింట్లోంచి పిలిపించి, మేనేజరు ముందు కుర్చీలో కూర్చోబెట్టింది.

"అమ్మా, ఈ నేల మీది. ఇక్కడికి వచ్చినవాళ్ళకు ముందుగా మీ భాషే కనిపించాలి," అన్నది.

ఆ నేల ఎవరి పేరు మీద రిజిస్ట్రీ అయిందో మేనేజరుకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఊరుకున్నాం.

ఆమె దగ్గర ఒక కాగితం ఉంది. దాని మీద మాటలు రాసుకుని వచ్చింది. స్వాగతం, ధన్యవాదాలు, దయచేసి చెత్త వేయరాదు, మరుగుదొడ్లు ఇటువైపు. వాటికి మా మాటలు కావాలి.

"ధన్యవాదాలకు ఏమంటారమ్మా?"

"గా మాట లేదు మేడం."

"మరి ఎవరైనా మీకు సాయం చేస్తే?"

"ఏమనం. వాళ్లకు పని పడ్డప్పుడు మేం పోతం."

ఆమె దాన్ని పుస్తకంలో రాసుకుని, కింద గీత కూడా గీసింది. మరుగుదొడ్లకు మా దగ్గర ఉన్న మాట చెబితే బోర్డు మీద బాగుండదని నేనే చెప్పలేదు.

"పోనీ, స్వాగతానికి?"

"ఆవ్, బేస్ అంటం. రా, కూసో అని. నీళ్లిస్తం."

"అంతేనా?"

"ఇంకేముంటది మేడం. నీళ్లు తాగినంక ఏం పని మీద వచ్చిన్రో వాళ్లే చెప్తరు."

మేనేజరు అందుకున్నాడు. "జర పెద్దగ ఉండేటట్టు చెప్పు బాయీ. బోర్డు పన్నెండు ఫీట్లున్నది."

పన్నెండడుగుల స్వాగతం మా తాతముత్తాతలు ఎవరికీ చెప్పలేదు. ఆ మాట అక్కడ ఆగిపోయింది.

నెల తిరక్కముందే మా వదిన వచ్చింది. మా ఆయనకు అక్క. రాయికోడ్ అవతల తండాలో ఉంటుంది. అంతకు తొమ్మిది నెలల కిందట ఆమె కూతురు కామెర్లతో పోయింది. ఇంకా పెళ్ళి కాని పిల్ల. అప్పుడు నేను కాలు విరిగి మంచంలో ఉన్నాను, పోలేకపోయాను. కాబట్టి ఆ పిల్ల పోయాక నేనూ వదినా ఒకరి మొహం ఒకరం చూసుకోవడం అదే మొదటిసారి.

మా ఆడవాళ్ళు చావు తర్వాత అట్లా మొదటిసారి కలిసినప్పుడు, ఎన్ని నెలలు గడిచినా సరే, ముందు మాట్లాడుకోరు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని, ఇద్దరి తలల మీదా ఒకే కొంగు కప్పుకుని ఏడుస్తారు. ఆ ఏడుపుకు రాగం ఉంటుంది, వరసలుంటాయి. బయటివాళ్ళు పాట అంటారు, మేం ఏడుపనే అంటాం. పోయినవాళ్ళను పేరు పెట్టి పిలుస్తారు. ప్రతి వరస చివరా ఆ పేరు రావాలి. ఒకరు పిలుస్తుంటే ఇంకొకరు అందుకోవాలి. ఆ ఏడుపు చెవిన పడిన ఆడమనిషి చేతిలో పని పడేసి వచ్చి కలవాలి. అందరూ కడుపునిండా ఏడ్చాక కళ్ళు తుడుచుకుంటారు. అప్పుడు ఎవరి వాకిట్లో ఏడ్చారో ఆ ఇంటివాళ్ళు అందరికీ నీళ్ళిచ్చి రొట్టె పెట్టాలి. పెట్టకపోతే ఏడుపు ఆ వాకిట్లోనే ఉండిపోతుందని మా పెద్దల మాట. రొట్టె తిన్నాక పంటల గురించీ, కోడళ్ళ గురించీ మాట్లాడుకుంటారు. నవ్వుకుంటారు కూడా.

వదిన ఆటో దిగింది. నేను వాకిట్లోంచి ఉరికాను. ఆమె నా మెడ పట్టుకుని కూతుర్ని పిలిచింది. నేను అందుకున్నాను. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి కలిశారు. చాలాసేపటికి అయిపోయింది. నీళ్ళు తాగాం, రొట్టె తిన్నాం. "నీ కోడలు రొట్టె చేసిందా, అల్లం ఎండవెట్టిందా?" అని వదిన అంటే అందరం నవ్వాం.

తలెత్తి చూస్తే వాకిలి బయట మేడం నిలబడి ఉంది. ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో ఫోను. కళ్ళ నిండా నీళ్ళు. మొదటి నుంచీ చూసిందట. ఒక ఆడమనిషి బండి దిగింది, ఇంకొకామె ఉరికి కౌగిలించుకుంది, అందరూ చేరి పాడారు, భోజనాలు పెట్టారు, నవ్వుకున్నారు. ఇన్ని చూశాక దాన్ని స్వాగతం అనుకోకుండా ఇంకేమనుకుంటుంది పాపం.

"అమ్మా, అతిథి వస్తే మీరు ఇలాగే పిలుస్తారా?" అని అడిగింది.

"చుట్టం శాన దినాలకు వస్తే ఇట్లనే మేడం," అన్నాను.

అందులో అబద్ధం లేదు. నిజం మాత్రం సగమే ఉంది. ఏడ్చి అలసిపోయి ఉన్నాను. మిగతా సగం రేపు చెప్పొచ్చనుకున్నాను.

మర్నాడు విడిది వరండాలో ఆమె ఫోనులో పట్టుకున్న ఆ ఏడుపు వినిపించి, నా చేతికి కలం ఇచ్చింది. మా మాటను నా చేత్తో రాయడం నాకు అదే మొదటిసారి. మా మాటకు తెలుగు అక్షరాలు తొడగడం ఇంకొకరి రవికె తొడుక్కున్నట్టే ఉంటుంది. చంకల దగ్గర బిగుతు, నడుము దగ్గర వదులు. అయినా రాశాను. నాలుగు వరసలు. వాటిని తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది: రా తల్లీ, బిందె నిండా నీళ్ళు పెట్టాను. రా, రొట్టె వేడిగా ఉంది. రా, నీ మంచం పరిచే ఉంచాను. రా, ఈ దారి చూస్తూ కూర్చున్నాను. ప్రతి వరస చివరా ఆ పిల్ల పేరు.

"ఈ పేరు ఎవరిదమ్మా?"

"మా వదినె బిడ్డది."

"ఎంత బాగుందో. కానీ బోర్డు మీద ఒక్కరి పేరు ఎందుకమ్మా? తీసేద్దాం. వచ్చినవాళ్ళందరికీ చెందేలా ఉండాలి."

ఆ బిడ్డ ఎక్కడుందని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె నా రాతను పైకెత్తి, వెలుతురులో పట్టుకుని చూసింది. "మీ దస్తూరీనే బోర్డు మీదికి ఎక్కిస్తాను. మార్చను," అన్నది. అంతే, నా నోరు మూతపడింది. పేరు ఉన్న చోటల్లా నేనే కొట్టేసి, కొత్త కాగితం మీద చక్కగా ఎత్తి రాసిచ్చాను.

తర్వాత మేనేజరు ఇంకో కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. నేను వేలిముద్ర వేసే రోజుల్లో ఎవరైనా కాగితం తెస్తే కనీసం నాలుగు ముక్కలు చదివి వినిపించేవాళ్ళు. ఇప్పుడు చదువు వచ్చినదాన్ని కదా, ఎవరూ వినిపించలేదు. వాళ్ళ ముందు వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవడానికి నాకు నామోషీ అయింది. చదివినట్టు తల ఊపి సంతకం పెట్టాను. నా సంతకం చాలా బాగా కుదిరింది.

బోర్డు లేచింది. వచ్చినవాళ్ళకు పంచే కాగితాల మీద, బట్ట సంచుల మీద అవే నాలుగు వరసలు అచ్చయ్యాయి. అది చాలదని, గేటు పక్కన స్తంభానికి ఒక స్పీకరు డబ్బా కట్టారు. కారు వచ్చినప్పుడల్లా అందులోంచి, పేరు కోసేసిన మా వదిన ఏడుపు వచ్చేలా ఏర్పాటు చేశారు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. సంతకం అప్పటికే పెట్టేశాను కదా, ఇక నాతో పనేముంది.

మొదటి శనివారం నేను వంటింట్లో పిండి పిసుకుతున్నాను. ఉన్నట్టుండి గేటు దగ్గర మా వదిన గొంతు వినిపించింది. పిండి చేతులతోనే ఉరికాను. నేను గేటు దగ్గరికి చేరేసరికి అల్లం చేలోంచి మా తండా ఆడవాళ్ళు పదిహేను మంది దాకా, చేతుల్లో పనిముట్లు పడేసి, తలల మీద కొంగులు లాక్కుంటూ, మళ్ళకు అడ్డంపడి ఉరికి వస్తున్నారు.

"ఎవరు పోయిన్రు?" అని ఒకామె.

"ఎవరింట్ల?" అని ఇంకొకామె.

కారు దిగినవాళ్ళు ఫోన్లు తీశారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. మేనేజరు మొహం వెలిగిపోయింది. "మంచిగ జేసిన్రు. ఇట్లనే ప్రతి శనివారం రాన్రి. జర మంచి బట్టలు ఏసుకోన్రి," అన్నాడు.

మా తండాలో అందరికంటే పెద్దామెను అందరం యాడి అంటాం. మా మాటలో తల్లి అని. ఆమె స్తంభం మీది డబ్బాను కాసేపు చూసింది. ఏడుపు వస్తోంది, ఏడ్చే మనిషి లేదు. నా వైపు తిరిగింది. నేను జరిగిందంతా చెప్పాను. మేం మాట్లాడుకున్నది మా మాటలోనే. ఇక్కడ జహీరాబాద్ తెలుగులో రాస్తున్నాను, నాకు వచ్చిన అక్షరాలు అవే కాబట్టి.

"సదువు రానప్పుడు మనం చేసిన తప్పులు మన ఇండ్లల్లనే ఉంటుండె," అన్నది యాడి. "సదువుకున్నదానివి, నీ తప్పు సూడు, రోడ్డెక్కింది. గది గూడ తెల్లరంగుల."

ఆ సాయంత్రం వదిన ఫోను చేసింది. దీపావళికి తమ్ముడింటికి వస్తానన్నది. దీపావళి ముందు శనివారం బస్సు దిగుతానన్నది. మూడు వారాలుంది. బస్సు దిగి మలుపు తిరిగితే విడిది గేటు. అక్కడ ఆమె గొంతే ఆమెకు ఎదురొచ్చి, లేని కూతుర్ని రా రా అని పిలుస్తుంది. దాన్ని కారుల్లో వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టి వింటారు. అది జరగకుండా ఆపాలి. నాకు అంతకంటే వేరే ఆలోచన లేకుండా పోయింది.

మేనేజరు దగ్గరికి పోయాను. అది స్వాగతం కాదు సార్, సచ్చిపోయిన పిల్ల మీద ఏడుపు అని చెప్పాను.

"అరె, ఎవలకు తెలుస్తది బాయీ? అందరికి పసందొచ్చింది," అన్నాడు. తర్వాత నా సంతకం ఉన్న కాగితం తీసి చూపించాడు. ఈసారి నామోషీ పడకుండా వేలు పెట్టి మొత్తం చదివాను. ఎప్పటికీ, ఏ రూపంలోనైనా వాడుకోవచ్చునని ఉంది. అక్షరాలు నేర్చుకున్న లాభం నాకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది. ఏం పోగొట్టుకున్నానో ఇంకొకరిని అడగక్కర్లేకుండా నేనే చదువుకోగలిగాను.

మేడంకు ఫోను చేయించాను. "అయ్యో అమ్మా, నాకు తెలియదు," అన్నది. నిజంగానే బాధపడింది. బాధపడి, ఇంకాస్త ఆలోచించి, "అయితే ఆ అమ్మాయి కథ కూడా పక్కనే రాద్దామా? చదివినవాళ్ళ గుండె కరుగుతుంది," అన్నది. కరగడానికి ఎన్ని గుండెలు కార్లలో వస్తాయో లెక్క వేసుకుంటుందేమో అనుకుని ఫోను మేనేజరుకు ఇచ్చేశాను.

యాడికి చెప్పాను. ఆమె రొట్టె నములుతూ విన్నది. ఆమెకు పళ్ళు తక్కువ, వినడానికి చాలా టైం దొరికింది.

"ఏడ్చిన వాకిలి ఎవలది?" అన్నది.

"విడిదోళ్లది."

"మరి రొట్టె ఎవలు పెట్టాలె?"

ఆ పై శనివారం కారు రాగానే డబ్బా మోగింది. మా ఆడవాళ్ళు వచ్చారు. ఊరికే నటించలేదు. ప్రతివాళ్ళకూ పోయినవాళ్ళున్నారు, ప్రతివాళ్ళ దగ్గరా ఏడుపు నిల్వ ఉంది. ఒకరి మెడలు ఒకరు పట్టుకుని పేరు పేరునా పిలిచి ఏడ్చారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, వరసగా భోజనాల హాల్లోకి వచ్చి కూర్చున్నారు. పక్క బల్లల దగ్గర హైదరాబాద్ వాళ్ళు పళ్ళేలు పట్టుకుని చూస్తున్నారు.

"ఏందిది?" అన్నాడు మేనేజరు.

"ఏడ్చినం. రొట్టె పెట్టు," అన్నది యాడి.

"పోగ్రాం అయిపోయింది, పోన్రి."

"పెట్టకపోతె ఏడుపు నీ వాకిట్లనే ఉంటది కొడుకా. నీ ఇష్టం, మాకేం ఫికర్ లేదు."

ఎంత విడిది మేనేజరైనా జహీరాబాద్ వాడు. ఆ మాట పడేసరికి వెనక్కి తిరిగి, "పెట్టు బాయీ, పెట్టు," అన్నాడు నాతో. అవును, రొట్టెలు చేయవలసింది నేనే. గేటు దగ్గర ఏడ్చి, వంటింట్లోకి వచ్చి రొట్టె చేసి, మళ్ళీ కారు వస్తే గేటు దగ్గరికి పోయి ఏడ్చి, మళ్ళీ రొట్టె చేశాను. అంత పని చేసిన రోజు నా జీవితంలో లేదు.

మూడో శనివారానికి కబురు పాకింది. కోహీర్ వైపు తండాల నుంచి కూడా ఆటోల్లో వచ్చారు. ఎప్పుడో పోయిన అత్తల కోసం, పోయి పదేళ్ళయిన మొగుళ్ళ కోసం ఏడ్చారు. ఒకామె బర్రె కోసం కూడా ఏడ్చిందని తర్వాత తెలిసింది. కారు వచ్చిన ప్రతిసారీ డబ్బా మోగింది, మోగిన ప్రతిసారీ ఏడ్చారు, ఏడ్చిన ప్రతిసారీ వచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నానికి జొన్నపిండి అయిపోయింది. కార్లలో వచ్చిన పిల్లలు భయపడి ఏడవడం మొదలుపెట్టారు. "వాళ్లకు గూడ రొట్టె పెట్టు, ఏడ్చిన్రు గదా," అన్నది యాడి. సాయంత్రానికి మేనేజరే నిచ్చెన వేసుకుని ఎక్కి డబ్బా వైరు పీకేశాడు. మెషీను ఖరాబైందని మేడంకు ఫోనులో చెబుతుంటే విన్నాను.

బోర్డు మాత్రం అట్లాగే ఉంది. "దానికి నోరు లేదు, ఊకో," అన్నది యాడి. "మీ వదినెకు సదువు ఎట్లాగు రాదు." నిజమే. ఒక మనిషికి చదువు రానందుకు సంతోషపడటం నాకు అదే మొదటిసారి.

ఆ తర్వాతి శనివారం వదిన వచ్చే బస్సుకు నేను మలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను. దిగగానే సంచి అందుకుని గబగబా నడిపించేద్దామని నా ఆలోచన. ఆమె దిగింది. సంచి నాకిచ్చింది. బోర్డు ముందు పోయి నిలబడింది.

"ఇదేనా?" అన్నది.

"ఏది?"

"నీ రాత బోర్డెక్కిందంట గద. మా తండల ఎవలో చెప్పిన్రు. బస్సుల అందరికి చెప్పిన, మా మరదలు రాసిందని. చదువు, నేను ఇంట."

ఆమె కళ్ళల్లో గర్వం కనబడింది. నేను అక్కడ ఏమైనా చదవొచ్చు. అల్లం, చెరుకు, కోహీర్ జామకాయ, రండి చూడండి అని రాసి ఉందని చెప్పొచ్చు. ఆమె నమ్ముతుంది. నలభై ఏళ్ళు నాకు కాగితాలు చదివి వినిపించినవాళ్ళు అందులో ఉన్నదే చదివారా అని నాకు అప్పుడు అనుమానం వచ్చింది. ఎంత సులువైన పనో అది.

ఉన్నది ఉన్నట్టు చదివాను. నాలుగు వరసలూ.

లారీలు పోతూ ఉన్నాయి. అది తన ఏడుపేనని ఆమె మొదటి వరసకే తెలుసుకుంది. చివరిదాకా విన్నది. నేను జరిగింది చెప్పాను, సంతకంతో సహా. తిడుతుందనుకున్నాను. ఆమె బోర్డు దగ్గరికి పోయి, కింది వరస మీద చెయ్యి పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు తడిమింది.

"దాని పేరేది దీంట్ల?" అన్నది.

"తీసేసిన వదినె."

"ఎందుకు?"

"అందరికి చెందాలె అన్నరు."

"తెలివి లేదా నీకు? పేరు పెట్టి పిలిస్తె ఆ పోయినోళ్లే ఇంటరు. పేరు లేకుండ పిలిస్తె తోవలో పోయే ప్రతివాళ్లు ఇంటరు. సచ్చినోళ్లను పిలిచే పిలుపు అది." హైవే మీద పోతున్న కార్ల వైపు చెయ్యి చూపించింది. "గా కార్లల్ల పిల్లలు కూసున్నరు. వాళ్లేం పాపం చేసిన్రు?"

కూతురు పోయిన మనిషి, ఆమె ఏడుపును సంచుల మీద అచ్చేసుకున్నవాళ్ళ పిల్లల గురించి దిగులు పడుతోంది.

"గీకేస్త," అన్నాను. "ఇప్పుడే గీకేస్త."

"పిలిచినంక గీకుడు ఉంటదా? పేరు రాయి."

ఆమె సంచిలో దీపావళికి మా గడపలకు పూయడానికి తెచ్చిన జాజు ఉంది. ఎర్రమన్ను గడ్డ. ఒక ముక్క విరిచి, రాయి మీద పెట్టి, సీసాలో నీళ్ళు పోసి నూరింది. నేను వేలు ముంచి ఆ పిల్ల పేరు రాశాను. ప్రతి వరస చివరా చోటు లేదు. నాలుగింటికీ కలిపి కింద ఒక్కసారి రాశాను. వేలితో రాయడం అలవాటు లేక మొదటి అక్షరం పెద్దదీ, చివరిది చిన్నదీ అయ్యాయి.

"ఇప్పుడు చదువు," అన్నది.

పేరుతో కలిపి చదివాను. ఆమె తల ఊపి, కొంగుతో మొహం తుడుచుకుని, సంచి నా చేతిలోంచి తీసుకుంది. "నడు. ఆకలైతంది. రొట్టె నువ్వే జెయ్యి, నీ కోడలికి చెప్పకు," అన్నది.

ఆ పేరు చూసి మేనేజరు, బోర్డు వేసిన పెయింటరుదా అని అడిగాడు. అవునన్నాను. వచ్చినవాళ్ళు కొందరు అది మా తండా పేరనుకుని దాని పక్కన నిలబడి ఫోటో దిగుతారు. దిగనీ. మేడం నెల తర్వాత వచ్చినప్పుడు ఆ ఎర్ర రాత ముందు కారు ఆపింది. దిగి, అలవాటు ప్రకారం, హైవే పక్కన కంకర మీద చెప్పులు విప్పింది. ఏమీ అడగలేదు, ఫోను తీయలేదు.

వాన పడితే జాజు కారిపోతుంది. కారిపోయినప్పుడల్లా పోయి మళ్ళీ రాస్తున్నాను. అక్షరాలు ఇప్పుడు అన్నీ ఒకే ఎత్తులో వస్తున్నాయి. బోర్డు మీద ఆ ఒక్క మాటకు ఇంతవరకు నా చేత ఎవరూ సంతకం పెట్టించుకోలేదు.